ఎడారి నుంచి తెచ్చిన జమ్మికాయలు

టెక్కలి,
మాఘ బహుళ పంచమి.

చిరంజీవులైన మన వీధి పిల్లలందరికీ టీచరమ్మ ఆశీస్సులు.

సంక్రాంతి వెళ్ళిన వారానికి నేనూ మా అమ్మాయీ రాజస్థాన్‌లోని థార్ ఎడారికి బయలుదేరుతుంటే, మీలో ఒకరు గుమ్మం దగ్గర నిలబడి "అక్కడ ఇసుక తప్ప ఏముంటుంది టీచరమ్మా?" అని అడిగారు. మరొకరు నా సంచిలోని స్వెట్టర్లనూ మఫ్లర్లనూ చూసి, ఎడారికి స్వెట్టర్లెందుకని ఆశ్చర్యపోయారు. రైలు వేళ దగ్గరపడటం వల్ల అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. రెండూ అడగవలసిన ప్రశ్నలే గనుక, ఇంటికి చేరి బట్టలు ఉతికి ఆరవేసుకున్న వెంటనే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

నిజానికి మేము చూడటానికి వెళ్ళింది ఎడారిని కాదు, మనుషులను. మన టెక్కలి చుట్టుపక్కల నీలి గ్రానైట్ తీసే క్వారీలు ఉన్నాయి కదా, అక్కడ రాయి కోసి మెరుగుపెట్టే పనికి వచ్చి, మా పక్క వాటాలో ఎనిమిదేళ్ళు ఉండి వెళ్ళిన కుటుంబం మీ అమ్మానాన్నలకు గుర్తుండే ఉంటుంది. ఆ ఇంటి అమ్మాయీ మా అమ్మాయీ ఏడో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చుని తెలుగులో చదువుకున్నారు. తర్వాత వాళ్ళు తాతగారి పొలం చూసుకోవడానికి తమ ఊరికి, అంటే జైసల్మేర్‌కు పడమరగా ఉన్న ఒక చిన్న పల్లెకు, తిరిగి వెళ్ళిపోయారు. పదిహేనేళ్ళుగా ఫోనులో "రండి, రండి" అని పిలుస్తూనే ఉన్నారు. ఈసారి మా అమ్మాయి సెలవు సంపాదించి, నన్ను కూడా కదిలించింది.

విజయనగరంలో రైలెక్కి, రాయగడ కొండలు దాటి, రాయ్‌పూర్ మీదుగా రెండు రాత్రులు ప్రయాణం చేసి జోధ్‌పూర్ చేరాము. అక్కడి నుంచి జైసల్మేర్‌కు మరో రైలు. ఆ దారిలో ఫలోదీ అనే ఊళ్ళో మా అమ్మాయి పట్టుబట్టి నన్ను దింపింది. పక్కనే ఖీచన్ అనే గ్రామం ఉంది. మంగోలియా, మధ్య ఆసియా గడ్డిమైదానాల నుంచి హిమాలయాలు దాటి, వేల సంఖ్యలో ఒక జాతి కొంగలు ఏటా చలికాలంలో అక్కడికి వస్తాయి. వాటిని కుర్జాలు అంటారు. బూడిదరంగు ఒళ్ళు, నల్లటి మెడ, కంటి వెనుక తెల్లని కుచ్చు. ఊరివాళ్ళు వాటి కోసం ఒక ఆవరణలో గింజలు చల్లి ఉంచుతారు. చూస్తున్నంతసేపూ నాకు మన తేలినీలాపురమే కళ్ళ ముందు మెదిలింది. మన దగ్గరికి వచ్చే గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ చింతచెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లలను పెంచుకుని వెళతాయి గనుక, మనవాళ్ళు వాటిని పుట్టింటికి పురిటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. కుర్జాలు మాత్రం గూళ్ళు కట్టవు. తమ దేశపు మంచును తప్పించుకోవడానికి వచ్చి, కొన్ని నెలలు తిని, మార్చి నాటికి వెళ్ళిపోతాయి. వచ్చే కారణం వేరు, ఊరు పెట్టే మర్యాద మాత్రం ఒకటే.

మేము ఊరు చేరేసరికి సాయంత్రమైంది. జీపు దిగుతుండగానే, ఘాఘ్రా కట్టుకుని తల మీద ఓఢ్నీ కప్పుకున్న ఒక యువతి పరుగున వచ్చి, "ఏటి టీచరమ్మా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చినామేటి?" అని మన శ్రీకాకుళం యాసలో అడిగేసరికి నాకు నోట మాట రాలేదు. పదిహేనేళ్ళలో ఆ మాట మాట్లాడటానికి ఆమెకు తోడు ఎవరూ లేరు. అయినా పోగొట్టుకోలేదు.

ఇక స్వెట్టరు సంగతి. ఆ రోజుల్లో అక్కడ పగలు ఇరవైనాలుగు డిగ్రీల దాకా ఉంటే, తెల్లవారుజామున ఏడెనిమిదికి పడిపోయేది. మన దగ్గర పదిహేడు, పద్దెనిమిది డిగ్రీలకే వీధివీధినా చలిమంటలు వేస్తాము. ఒకే రోజులో అంత తేడా ఎందుకో చెబుతాను. పగలంతా నేల ఎండలో వేడెక్కుతుంది, రాత్రంతా ఆ వేడిని పైకి వదిలేస్తుంది. ఇది అన్నిచోట్లా జరిగేదే. అయితే సముద్రం దగ్గర ఉన్న మన గాలిలో నీటి ఆవిరి నిండుగా ఉంటుంది. ఆ ఆవిరి, ఆ పైన మబ్బులు, నేల వదిలే వేడిని పట్టి ఉంచి మనకు దుప్పటిలా పనిచేస్తాయి. ఎడారి గాలి పొడిగాలి, ఆకాశంలో మబ్బు ఉండదు, కాబట్టి వేడి అడ్డు లేకుండా వెళ్ళిపోతుంది. పైగా ఇసుక, వేడిని అంత తేలిగ్గా లోపలికి పోనివ్వదు. పై పొర త్వరగా కాగి, త్వరగా చల్లారుతుంది. రాత్రి ఎనిమిది గంటలకు దిబ్బ మీద చెయ్యి పెడితే ఇసుక చల్లగా తగిలింది. మోచేతి దాకా చెయ్యి దూర్చితే లోపల గోరువెచ్చగా ఉంది. పుస్తకంలో ఎన్నోసార్లు చెప్పిన పాఠాన్ని నా చేత్తో తాకి చూడటం అదే మొదటిసారి.

వాళ్ళ పాత ఇల్లు గుండ్రటిది. మట్టిగోడ, పైన గడ్డి కప్పు; దానిని ఝోంపా అంటారు. మన సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ముసలివాళ్ళు ఇంకా చుట్టిల్లు అని చెప్పేది అచ్చంగా ఇదే. మూలలు లేని గోడను గాలి పట్టి తొయ్యలేదు, పక్కలకు జారిపోతుంది. మన పెద్దలు తుపాను గాలికి కనిపెట్టిన ఉపాయాన్నే వాళ్ళు ఇసుక గాలికి కనిపెట్టారు. నేలను పేడతో అలికి ముగ్గులు పెట్టడం కూడా ఇక్కడిలాగే.

అన్నిటికన్నా నేను మీకు వివరంగా చెప్పాలనుకున్నది నీటి సంగతి. మొదటి రోజు ఉదయం ఒక పొరపాటు చేశాను. ఇంటి వెనుక పెద్ద పళ్ళెంలా నడుమకు వాలుగా చదును చేసిన నేల కనిపిస్తే, ఎండ కాచుకుందామని చెప్పులతోనే దాని మీదికి నడిచాను. ఆ ఇంటి దాదీసా, అంటే నాయనమ్మగారు, ఎనభై దాటిన మనిషి, మంచం మీద నుంచి గట్టిగా కేక వేశారు. నాకు మాట అర్థం కాలేదు గాని గొంతు అర్థమైంది. మన వంటింట్లోకి, దేవుడి గదిలోకి ఎవరైనా చెప్పులతో వస్తే మనం ఎలా కేక వేస్తామో అలాంటి కేక అది. వెంటనే వెనక్కి వచ్చి క్షమించమని చేతులు జోడించాను. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మనవరాలి చేత తెలుగులో అంతా చెప్పించారు.

ఆ నేల పేరు ఆగోర్. దాని నడుమన, భూమిలో గుండ్రంగా కట్టిన తొట్టి ఉంది. దానిని టాంకా అంటారు. ఆషాఢం నుంచి భాద్రపదం లోపల పడే కొద్దిపాటి వానలు ఆగోర్ మీద పడి, వాలుగా పారి, జాలీ పెట్టిన కంతల గుండా టాంకాలోకి చేరతాయి. వానలకు ముందు ఆగోర్‌ను ఊడ్చి శుభ్రం చేస్తారు. దాని మీదికి పశువులను రానివ్వరు, చెప్పులు వేసుకుని ఎవరూ నడవరు. టాంకాకు మూత పెట్టి ఉంచుతారు. ఏడాది పొడవునా వాళ్ళు తాగేది ఆ నీరే.

ఇప్పుడు నాతో పాటు లెక్క వేయండి. చదరపు మీటరు చోటులో ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు అవుతుంది. జైసల్మేర్‌లో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 200 మిల్లీమీటర్లు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న చోటు మీద అది 20 వేల లీటర్లు. అందులో నేల తాగేది తాగగా, ఆవిరయ్యేది పోగా, సగం కూడా లోపలికి చేరదు. అందుకే ఆగోర్‌ను ఇంకా పెద్దగా చేసుకుంటారు. వాళ్ళ టాంకా మూడు మీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల లోతు, అంటే నిండితే దాదాపు 25 వేల లీటర్లు. ఇంట్లో ఆరుగురు. తాగడానికి, వండుకోవడానికి మనిషికి రోజుకు పది లీటర్ల చొప్పున చూసుకున్నా ఏడాదికి 21,900 లీటర్లు. ఎంత దగ్గరగా సరిపోతుందో చూశారా? మన జిల్లాలో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైబడి వాన పడుతుంది. అదే కొలత ఉన్న మన డాబా మీద లక్ష లీటర్లు పడి, గొట్టం గుండా వీధి కాలువలోకి పోతాయి.

మనం నీటిని మంచినీరు, ఉప్పునీరు అని రెండుగా చెప్పుకుంటాము. దాదీసా మూడు పేర్లు చెప్పారు. ఆకాశం నుంచి పడి ఆగోర్ మీద పారే నీరు పాలర్ పానీ. లోతు బావిలో దొరికేది పాతాళ్ పానీ. అది చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. ఈ రెండింటి నడుమ, ఇసుక పొరల్లో ఇంకి, కింద ఉన్న సుద్దలాంటి గట్టి పొర వల్ల ఇంకా లోతుకు పోకుండా చెమ్మగా నిలిచి, సన్నటి బావుల్లోకి బొట్టుబొట్టుగా ఊరేది రేజాణీ పానీ. నీటికి ఇన్ని పేర్లు పెట్టుకున్నవాళ్ళ ఊరిని ఏమీ లేని చోటు అనడానికి నాకు ఇక నోరు రాదు. ఈ మధ్య పంజాబ్‌లోని హరికె బ్యారేజీ దగ్గర మొదలై, ఆరువందల కిలోమీటర్లకు పైగా ప్రవహించి వచ్చే ఇందిరా గాంధీ కాలువ నీరు కూడా ఆ ప్రాంతానికి అందుతోంది. మన ఉద్దానానికి హిరమండలం నుంచి గొట్టాల్లో మంచినీరు తెచ్చినట్టే అనుకోండి. కుళాయి వచ్చినా దాదీసా ఆగోర్ ఊడవడం మానలేదు. ఆవిడ పట్టుదలే సరైనదని నా అభిప్రాయం.

ఒంటెల గురించి ఒక్క మాట. వాటి మూపురంలో నీరు ఉంటుందని మీలో చాలామంది అనుకుంటున్నారు, ఉండేది కొవ్వు. దాహం వేసిన ఒంటె ఒక్క విడతలో వంద లీటర్ల దాకా తాగేస్తుంది గాని దాన్ని మూపురంలో దాచుకోదు.

చివరగా జమ్మి. రెండో రోజు పొలానికి వెళితే, గట్ల మీద కొమ్మలన్నీ కొట్టేసిన మోడుల్లాంటి చెట్లు కనిపించాయి. మా అమ్మాయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఖేజ్రీ చెట్లని, చలికాలంలో రెమ్మలు నరికి ఆకును మేకలకూ ఒంటెలకూ ఎండబెట్టి ఉంచుతారని, వేసవి రాకముందే మళ్ళీ చిగురిస్తాయని స్నేహితురాలు చెప్పింది. నేను నేల మీద పడి ఉన్న ఒక రెమ్మను తీసి చూశాను. చిన్న చిన్న ఆకులు, సన్నని ముళ్ళు. దసరానాడు మనం ప్రదక్షిణ చేసి, చీటీ మీద శ్లోకం రాసి కట్టే జమ్మి చెట్టే అది! పాండవులు ఆయుధాలు దాచుకున్న శమీవృక్షం అక్కడ రాజస్థాన్ రాష్ట్ర వృక్షం. దాని వేరు చాలా లోతుకు వెళుతుంది. చిక్కుడు జాతిది గనుక నేలకు సారం ఇస్తుంది. అందుకే దాని నీడలో కూడా గంటెలు, అంటే సజ్జలు, బాగా పండుతాయి.

1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ గ్రామంలో, రాజభవనానికి సున్నం కాల్చడానికి ఈ చెట్లను నరకబోతే, బిష్ణోయీ అనే సంప్రదాయానికి చెందిన అమృతాదేవి అనే తల్లి తన కూతుళ్ళతో సహా చెట్లను కౌగిలించుకుని ప్రాణాలిచ్చింది. ఆమెతో కలిపి మొత్తం 363 మంది అలాగే ప్రాణాలు విడిచారు. తల పోయినా చెట్టు నిలిస్తే అది చవక బేరమేనని ఆమె అన్నట్టు అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆ కథను ఆ పొలం గట్టు మీద కూర్చుని, నా కూతురు నా భుజానికి ఆనుకుని ఉండగా విన్నాను.

ఆ చెట్టు లేత కాయలను ఎండబెట్టి కూర వండుతారు. వాటినే సాంగ్రీ అంటారు. సన్నగా, నల్లగా, ఎండిన గోరుచిక్కుడులా ఉంటాయి. రోజూ పొద్దున్న గంటె రొట్టె, మీద నెయ్యి, బెల్లం, పక్కన సాంగ్రీ కూర. చలి ఎక్కువగా ఉన్న రోజు మజ్జిగలో గంటె పిండి ఉడికించిన రాబ్ అనే వేడి జావ ఇచ్చారు. మన చోడి (రాగి) అంబలికి అది అక్కచెల్లెలు. ఆ ఇంటి యజమాని దాన్ని తాగుతూ, టెక్కలిలో మా ఇంటి అరుగు మీద తాగిన అంబలిని తలుచుకున్నారు.

బయలుదేరే రోజు దాదీసా ఒక గుడ్డ మూటలో రెండు కిలోల సాంగ్రీ కట్టి నా చేతికిచ్చారు. రేపు శనివారం రాత్రి వాటిని నానబెడతాను. ఆదివారం పదింటికి మీరందరూ మా ఇంటికి రండి, గంటె రొట్టెలు కాలుస్తాము. మా అమ్మాయి ఫోనులో ఫొటోలు కూడా చూపిస్తుంది. వచ్చేటప్పుడు చెరువు గట్టు మీది జమ్మి చెట్టు దగ్గర ఆగి, ముళ్ళు చూసుకుని, కింద రాలిన ఒక చిన్న రెమ్మ తీసుకురండి. నేను తెచ్చిన రెమ్మ పక్కన పెట్టి చూద్దాం. పదో తరగతివాళ్ళకు ఆదివారం కూడా స్పెషల్ క్లాసులు ఉన్నాయని విన్నాను. వాళ్ళ వాటా విడిగా తీసి మూతపెట్టి ఉంచుతాను, సాయంత్రం ఎప్పుడు వచ్చినా తలుపు తట్టమని చెప్పండి.

ఆశీస్సులతో,
మీ టీచరమ్మ