పెన్నాలో పడవ బాట: అపోహలు - వాస్తవాలు

సంగం నుంచి జొన్నవాడ మీదుగా నెల్లూరు దాకా, కయాక్‌లు, కనోలు (తెడ్డుతో నడిపే చిన్న పడవలు) నడిపేవాళ్ల కోసం పెన్నాలో ఒక నీటిబాట గుర్తించాలని మేం నలుగురం కొన్నేళ్లుగా తిరుగుతున్నాం. ఊళ్లలో, ఆఫీసుల్లో, తెడ్డు పట్టడం నేర్చుకోవడానికి వచ్చే పిల్లల దగ్గర కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినపడతాయి. వాటిలో ఒకటి రెండు ప్రాణం మీదికి తెచ్చేవి కూడా ఉన్నాయి. అందుకే రాస్తున్నాను.

అపోహ: నీటిబాట అంటే జెట్టీలు, కాటేజీలు కట్టాలి. కోట్లు కావాలి.

బాట ఎలాగూ ఉంది, అది నదే. పడవ ఎక్కడ నీళ్లలోకి దించాలి, ఎక్కడ ఒడ్డెక్కాలి, మధ్యలో ఎక్కడ ఆగి నీళ్లు తాగాలి, ఎక్కడ పడవను మోసుకుంటూ గట్టు మీద నడవాలి అన్నవి తేల్చి, మ్యాపులో, గట్టు మీద రాసిపెట్టడమే మా పని. అమెరికాలో మెయిన్ రాష్ట్ర తీరం వెంట 1988లో ఒక దీవుల బాట మొదలైంది. చాలా దీవులు ప్రైవేటువాళ్లవి. వాళ్లు ‘మా దీవిలో దిగి సేదతీరండి’ అని ఒప్పుకోబట్టే ఆ బాట నిలబడింది. మన దగ్గరా ముందు జరగాల్సింది గట్టు పక్కన పొలం ఉన్న రైతుతో, పంచాయతీతో, జలవనరుల శాఖ వాళ్లతో మాట్లాడటం.

అపోహ: మంచి రేవు చూసి దించితే చాలు, పడవ దానంతటదే పోతుంది.

మొదట్లో మేమూ ఇలాగే అనుకున్నాం. చక్కటి రేవు చూసుకుని దించాం. ఒడ్డెక్కే చోటు మ్యాపులో చూశామే గానీ కాళ్లతో నడిచి చూడలేదు. తీరా అక్కడికి చేరేసరికి గట్టు పొడవునా సర్కారు తుమ్మ, మనిషి దూరే సందు లేదు. పొద్దు గూకింది. చీకట్లో ముళ్లలో పడి రోడ్డెక్కేసరికి ఒక పిల్లాడి అరికాలు చీరుకుపోయింది. తప్పు మాదే.

అప్పట్నుంచి బాటను కింది నుంచి పైకి గుర్తిస్తున్నాం. ముందు ఆఖరున ఒడ్డెక్కే చోటు ఖాయం చేస్తాం, తర్వాత దాని ఎగువన ఇంకొకటి. రెండు చోట్ల మధ్య నాలుగైదు కిలోమీటర్లకు మించనివ్వం. కొత్తవాళ్లు గంటకు మూడు నాలుగు కిలోమీటర్లే పోగలరు. పైగా పెన్నా తూర్పుకు పారుతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి ఎదురు తగులుతుంది. పొద్దున ఆరింటికి బయల్దేరితే హాయిగా సాగే దూరం మధ్యాహ్నం రెండింటికి చేతులు పడిపోయేలా చేస్తుంది.

అపోహ: అసలు పెన్నాలో నీళ్లెక్కడివి?

ఎండాకాలంలో వంతెన మీద నుంచి చూసినవాళ్లు ఇలాగే అంటారు. మన జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ తర్వాత కూడా పైరు కోసం ఎగువనున్న సోమశిల జలాశయం నుంచి వదిలే నీళ్లు నదిలోనే సంగం దాకా వస్తాయి. సంగం, నెల్లూరు బ్యారేజీలు 2022లో ప్రారంభమయ్యాయి. వాటి ఎగువన నీళ్లు నిలుస్తాయి. వరద తగ్గాక, డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మాకు మంచి కాలం. వేసవిలో బాట ముక్కలు ముక్కలవుతుంది. దాన్ని ముక్కలుగానే వాడుకోవాలి.

అపోహ: నీళ్లు ఎంత ఎక్కువుంటే అంత మజా.

క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. గేట్లెత్తి 10 వేల క్యూసెక్కులు వదిలారంటే సెకనుకు 280 టన్నుల నీళ్లు కదులుతున్నట్టు. ప్రవాహం వేగం రెండింతలైతే, చెట్టుకు అడ్డం పడిన పడవ మీద దాని తోపుడు నాలుగింతలవుతుంది. 2021 నవంబరు వరద చూసినవాళ్లకు పెన్నా ఏం చేయగలదో నేను చెప్పనక్కర్లేదు. పైన వదిలిన నీళ్లు మన దగ్గరికి గంటల తర్వాత చేరతాయి. అందుకే ఆకాశం నిర్మలంగా ఉన్నా, సోమశిలలో ఎంత వదులుతున్నారో కనుక్కోనిదే మేం పడవ దించం.

అపోహ: ఆనకట్ట ఎత్తు నాలుగడుగులే, పైనుంచి జారిపోవచ్చు.

దయచేసి ఇది మాత్రం పూర్తిగా చదవండి. ఆనకట్ట మీంచి పడిన నీళ్లు అడుగుకు దిగి, కొంత దూరం పోయి పైకి లేస్తాయి. పైకి లేచిన నీళ్లలో కొంత మళ్లీ ఆనకట్ట వైపే వెనక్కి వస్తుంది. అందులో పడిన దుంగ, ఖాళీ డ్రమ్ము గంటల తరబడి అక్కడే తిరుగుతుండటం మీరు చూసే ఉంటారు. మనిషైనా అంతే. బయటికి ఈదబోతే నీళ్లు వెనక్కి లాగుతాయి. ఆ నురగ నిండా గాలి ఉంటుంది కాబట్టి సరిగ్గా తేలం, తెడ్డుకు పట్టూ దొరకదు. ఎత్తుకూ దీనికీ సంబంధం తక్కువ. రక్షించబోయి పోయినవాళ్లు ఎందరో.

పడవలో ఎగువ నుంచి వచ్చేవాడికి ఇదేదీ కనపడదు. నీళ్లు అద్దంలా ఉంటాయి, ముందు ఒక సన్నటి గీత, అంతే. గేట్లున్న చోట ఇంకో ప్రమాదం: పడవ రెండు స్తంభాలకు అడ్డంగా అతుక్కుపోతుంది. అందుకే ఆనకట్టకు, బ్యారేజీకి చాలా ముందే ఒడ్డెక్కాలి. కయాక్ బరువు 20, 25 కిలోలుంటుంది. ఇద్దరు చెరో పక్క పట్టుకుంటే పది నిమిషాల నడక.

అపోహ: మోకాలి లోతే కదా, ఎక్కడైనా దిగొచ్చు.

జొన్నవాడకు ఎగువన ఒకసారి నేను పడవ దిగబోతుంటే, వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన కేకేశాడు. “ఆడ దిగబాక అబ్బయా! ఇసక తోడిన గుంతలుండాయి లోపల.” తెడ్డు నిలువుగా దించి చూశాను. మూడడుగుల దూరంలోనే తెడ్డు మొత్తం మునిగింది. గుంతలు వరదకు చోటు మారతాయి, నిరుటి మ్యాపు పనికిరాదు. ఏటా వరద తర్వాత ఆయన్నీ, వాళ్లవాళ్లనీ వెంటబెట్టుకుని మళ్లీ కొలుస్తాం. ఆ రోజు వాళ్లకు కూలీ ఇస్తాం.

అపోహ: ఈత వస్తే లైఫ్ జాకెట్ అక్కర్లేదు.

తలకు దెబ్బ తగిలినవాడికి ఈత రాదు. నీళ్లలో మనిషిని తేల్చడానికి పెద్ద బలం అక్కర్లేదు. తెడ్డు వేసేవాళ్లు తొడుక్కునే 50 న్యూటన్ల జాకెట్టు ఇచ్చేది ఐదు కిలోల బరువును తేల్చే బలమే. కానీ బకిళ్లు పెట్టుకోకపోతే అది తల మీదుగా ఊడిపోతుంది.

అపోహ: పడవలొస్తే చేపలు పట్టేవాళ్ల పొట్ట కొట్టినట్టే.

ఇది పూర్తిగా అపోహ అనను. తెడ్డు తగిలి వల చిరిగితే నష్టం వాళ్లదే. యానాదుల కుటుంబాలు ఎన్నో తరాలుగా ఈ నీళ్ల మీద బతుకుతున్నాయి. వలల బెండ్లు కనపడితే చుట్టు తిరిగి పోవాలని, వల తీసే వేళ ఆ పాయలోకి పోకూడదని వాళ్లతోనే కూర్చుని రాసుకున్నాం. చిరిగితే అక్కడికక్కడే డబ్బు ఇవ్వాలనీ రాసుకున్నాం.

అపోహ: నెల్లూరు దాటాక అదే ఊపులో సముద్రం దాకా పోవచ్చు.

పోటు వచ్చినప్పుడు నీళ్లు ఎదురు తిరుగుతాయి. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేటలు, అలలు. అది వేరే శిక్షణ కావాల్సిన నీళ్లు. మా బాట ప్రస్తుతం నెల్లూరు బ్యారేజీకి ఎగువనే ఆగుతుంది.

వరద తగ్గగానే బోర్డులు నాటాలి. రోడ్డు మీద పోయేవాళ్లకు కాకుండా, నీళ్లలో కూర్చున్నవాడి కంటికి ఆనేలా, బ్యారేజీకి అర కిలోమీటరు ముందే, రెండు గట్ల మీదా. చదువు రానివాళ్లకూ తెలిసేలా ఒక బొమ్మ, కింద రెండే మాటలు: ‘ఇక్కడ ఒడ్డెక్కండి’.