పిల్లల వార్డులో బొమ్మలు: తల్లులకు నేర్పేటప్పుడు వినిపించే అపోహలు - వాస్తవాలు

పిల్లల వార్డులో ఏ మంచం పక్కన చూసినా ఒక గిలక్కాయ, ఒక ప్లాస్టిక్ కారు, సగం నానిన బిస్కెట్టు, అమ్మ ఫోను ఉంటాయి. ఏడాది రెండేళ్ల పిల్లలు చేతికి దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటారు. బొమ్మ కింద పడుతుంది, పక్క మంచం బాబు తీసుకుంటాడు, కాసేపటికి మళ్లీ వెనక్కి వస్తుంది. తల్లులకు శుభ్రత పట్టదని అనుకోవడం తప్పు. ఏది నిజంగా శుభ్రమో, ఏది శుభ్రంగా కనిపిస్తుందో వాళ్లకు ఎవరూ చేసి చూపించలేదు, అంతే. వార్డులో నేర్పే నర్సులకు, నర్సింగ్ విద్యార్థులకు రోజూ వినపడే మాటలు ఇవి.

అపోహ: కింద పడితే చెంగుతో తుడిచి ఇస్తే చాలు.

ఆ చెంగే పొద్దుటి నుంచి బిడ్డ ముక్కు, కక్కిన పాలు, అమ్మ చేతి తడి తుడిచింది. దాంతో తుడిస్తే మురికి పోదు, చోటు మారుతుంది. ఉఫ్‌మని ఊదితే దుమ్ముతో పాటు నోటి తుంపర్లూ బొమ్మ మీదే పడతాయి. తడి వైప్స్ పైపైన జిడ్డు తీస్తాయి కానీ క్రిములను చంపడానికి చేసినవి కావు. స్టెఫైలోకాకస్, ఎసినెటోబాక్టర్ లాంటి బ్యాక్టీరియా పొడి ప్లాస్టిక్ మీద కూడా వారాల తరబడి బతుకుతుంది. విరేచనాలు తెచ్చే రోటా వైరస్ రోజుల తరబడి ఉంటుంది.

ప్రతి మంచానికీ రెండు కవర్లు కట్టించండి. ఒకటి కడిగినవాటికి, రెండోది కింద పడినవాటికి, నోట్లో పెట్టినవాటికి. రెండో కవరులోకి వెళ్లింది కడగకుండా బయటికి రాకూడదు. ఈ ఒక్క అలవాటు పడితే సగం పని అయినట్టే.

అపోహ: డెటాల్ వాసన వస్తోందంటే శుభ్రమైనట్టే.

అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఇది. బకెట్ నీళ్లలో రెండు మూతలు పోసి, బొమ్మలు ముంచి తీసి, వాసన పోతుందని మంచి నీళ్లతో కడగకుండానే బిడ్డ చేతికి ఇస్తారు. ఇందులో మూడు తప్పులున్నాయి. లాలాజలం, పాలు, బిస్కెట్ ముద్ద అంటుకుని ఉంటే మందు దాని కింది క్రిమిని చేరదు. సూడోమొనాస్ లాంటి ఆసుపత్రి క్రిముల మీద ఆ మందు పట్టు తక్కువ. ఇక బొమ్మ మీద మిగిలిన మందు నేరుగా బిడ్డ నోట్లోకి పోతుంది.

మురికిని వదిలించేది సబ్బు, రుద్దుడు, పారే నీళ్లు. క్రమం ఇది: బ్యాటరీ బొమ్మయితే ముందు బ్యాటరీ తీసేయాలి. 2 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో ఒక టీస్పూను గిన్నెలు తోమే లిక్విడ్ కలపాలి. బొమ్మను ముంచి పాత టూత్‌బ్రష్‌తో కీళ్లు, చక్రాల సందులు, స్క్రూ గుంటలు రుద్దాలి. మగ్గుతో ధారగా పోస్తూ జారుడు పోయేదాకా కడగాలి. గుడ్డతో తుడవకుండా జల్లెడ బుట్టలో గాలికి ఆరబెట్టాలి. తడి ఉన్న బొమ్మను కవర్లో కట్టేస్తే కడిగిన కష్టం వృథా. ఆ చెమ్మలో బ్యాక్టీరియా మళ్లీ పెరుగుతుంది.

చేతులు కడుక్కునే సింకులో గానీ, బాత్రూం కుళాయి కింద గానీ కడగనివ్వకండి. సింకు డ్రెయిన్‌లో పేరుకున్న క్రిములు నీళ్లు చింది బొమ్మ మీదికే వస్తాయి. వేరుగా ఒక టబ్బు పెట్టాలి.

అపోహ: బ్లీచింగ్ ద్రావణం ఎంత ఎక్కువ పోస్తే అంత మంచిది.

తల్లి పని సబ్బుతో కడగడం వరకే. హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రావణం) కలపడం సిస్టర్ పని, తల్లి మీద వేయకూడదు. విరేచనాల బిడ్డ బొమ్మలకు, పంచుకునే బొమ్మలకు అది అవసరం. సీసా మీద 5 శాతం అని ఉంటే 20 మి.లీ. తీసుకుని నీళ్లతో 1 లీటరు చేస్తే 0.1 శాతం ద్రావణం వస్తుంది. 10 శాతం సీసా అయితే 10 మి.లీ. చాలు. సబ్బుతో కడిగిన తర్వాతే 10 నిమిషాలు పూర్తిగా మునిగేలా ఉంచి, మంచి నీళ్లతో రెండుసార్లు కడిగి ఆరబెట్టాలి. మురికి బొమ్మను నేరుగా వేస్తే క్లోరిన్ ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది.

ఏ రోజు ద్రావణం ఆ రోజే. ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టిన సీసా చూడ్డానికి అలాగే ఉంటుంది, లోపల బలం మాత్రం తగ్గిపోతుంది. బాత్రూం యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. స్టీలు వస్తువులను ఇందులో నానబెడితే మచ్చలు పడి తుప్పు పడతాయి.

అపోహ: వేడి నీళ్లు పోస్తే అన్నీ చస్తాయి.

టీ కొట్టు నుంచి ఫ్లాస్కులో తెచ్చిన నీళ్లు వార్డుకు చేరేసరికి మరిగే నీళ్లు కావు. స్టీలు గ్లాసు, గరిటె, సిలికాన్ కొరుకుడు రింగు లాంటివి కళపెళ మరుగుతున్న నీళ్లలో 5 నిమిషాలు ఉంచితే సరి. లోపల జెల్ ఉన్న రింగు మరిగిస్తే పగులుతుంది. చవక ప్లాస్టిక్ మెత్తబడి వంకరపోయి పగులుతుంది, ఆ పగుళ్లలో మురికి చేరుతుంది. రింగును ఫ్రిజ్‌లో పెడితే చిగుళ్లకు హాయిగా ఉంటుంది కానీ క్రిములు చావవు.

అపోహ: ఎండలో పెడితే చాలు.

ఎండ ఆరబెడుతుంది, అది మంచిదే. కానీ టెడ్డీ లోపలి దూదికి, కారు చక్రం వెనక్కి ఎండ చేరదు. కడిగాక ఎండ సాయం చేస్తుంది, కడగడానికి బదులు రాదు.

టెడ్డీ సంగతి వచ్చింది కాబట్టి: మెషీన్‌లో 60 డిగ్రీల నీళ్లతో ఉతకగలిగి, లోపలి దాకా ఆరితేనే వార్డులో ఉండాలి. ఒక బిడ్డది ఒక బిడ్డకే. కీమోథెరపీలో ఉన్న పిల్లల దగ్గర, ఐసీయూలో డాక్టరు ఒప్పుకుంటే తప్ప వద్దు. కింద రంధ్రం ఉండి నొక్కితే కీక్‌మనే రబ్బరు బాతు మాత్రం ఏ వార్డులోనూ వద్దు. ఒకసారి కోసి చూపిస్తే చాలు, లోపలి నల్లటి బూజు చూశాక ఏ తల్లీ వాదించదు.

అపోహ: చెక్క బొమ్మలు సహజమైనవి, అవైతే భయం లేదు.

కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి చెక్కతో చేసింది. తేలిక, మెత్తన. నానబెడితే నీరు పీల్చి రంగు లేస్తుంది. అది షోకేసుకు అందం, పాలుతాగే బిడ్డ నోటికి కాదు. ఏటికొప్పాక బొమ్మకు లక్క పూత ఉంటుంది కాబట్టి సబ్బు నీళ్లలో పిండిన గుడ్డతో తుడిచి, తడి గుడ్డతో మళ్లీ తుడవొచ్చు. శానిటైజర్ మాత్రం పోయకండి. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది, పూత జిగురుగా చేతికి వస్తుంది. వేడి నీళ్లకూ మెత్తబడుతుంది.

అపోహ: ఖాళీ సిరంజి, ఊదిన గ్లవ్, సెలైన్ సీసా ఆడుకోవడానికి బాగుంటాయి.

వద్దు. వాడిన గ్లవ్స్, సూది తీసిన సిరంజిలు, సెలైన్ సెట్లు 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఎర్ర సంచిలోకి వెళ్లాలి. కొత్త గ్లవ్ అయినా పగిలితే ఆ ముక్క గొంతుకు అడ్డం పడుతుంది. ఏడుపు మాన్పించాలని సిబ్బందే గ్లవ్ ఊది ఇస్తుంటారు. ముందు మానాల్సింది మనమే.

అపోహ: రోటా టీకా వేయించాం, ఇక పంచుకోవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచీ ఈ టీకా ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. అది తీవ్రమైన రోటా విరేచనాలను తగ్గిస్తుంది. మిగతా విరేచన క్రిములను ఆపదు.

అపోహ: ఇన్ని తంటాలెందుకు, బొమ్మలే వద్దంటే పోలా?

ఆడుకునే బిడ్డకు సూది భయం తగ్గుతుంది, తిండి మీద ధ్యాస వస్తుంది. బొమ్మ మాన్పిస్తే దాని చోటు ఫోను తీసుకుంటుంది. ఫోనైతే సబ్బుతో కడగలేం. కేసు తీసి, స్విచ్ ఆఫ్ చేసి, 70 శాతం ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. మా ఎంపిక అడిగితే రెండు స్టీలు గ్లాసులు, ఒక గరిటె, ఒక మూత. మోత ఎక్కువే, కానీ మరిగించొచ్చు, ఖర్చు లేదు.

నేర్పే పద్ధతి గురించి ఒక మాట. గోడ మీది పోస్టరు చదివే తీరిక తల్లికి ఉండదు. ఒక పాత బొమ్మకు చిటికెడు పసుపు పూసి చేతులు మార్పించండి. అందరి వేళ్లకూ, దుప్పటికీ, బిడ్డ చెంపకూ పసుపు ఎక్కుతుంది. తర్వాత చెంగుతో తుడవమనండి, సందుల్లో మిగిలింది కనిపిస్తుంది. బట్టల సబ్బు రాయగానే మిగిలిన పసుపు ఎర్రబడుతుంది (సబ్బు క్షారం కదా), బ్రష్ చేరని చోటు తల్లే వేలుపెట్టి చూపిస్తుంది. ఆ తర్వాత ఆమె చేత మొదటి నుంచీ చేయించి చూడండి. అమ్మమ్మ, నానమ్మ ఉంటే వాళ్లనూ కూర్చోబెట్టండి, రాత్రి బిడ్డను చూసేది చాలాసార్లు వాళ్లే. పసుపు ప్లాస్టిక్‌ను వదలదు కాబట్టి ఆ బొమ్మ మళ్లీ బిడ్డకు ఇవ్వకండి.

డిశ్చార్జి రోజున బొమ్మలన్నీ ఒకే కవర్లో మూతి కట్టి పంపండి. ఇంట్లో అన్నో చెల్లో తీసుకోకముందే కడగాలి. అట్ట పుస్తకాలు కడగలేం కనుక ఆ బిడ్డతోనే ఇంటికి వెళ్లాలి, పక్క మంచానికి కాదు.