తొలిచూపు తన సాక్ష్యం తానే పుట్టిస్తుంది

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుక్కునే కడప కుర్రాళ్ళకు ఈ మాటలు కొత్తేం కాదు. "మీదే ఊరు బాబూ?" "కడప సార్." "ఓహో, బాంబుల ఏరియానా!" ఓనరు నవ్వుతూనే అంటాడు. కుర్రాడు ఫోన్లో వాళ్ళమ్మతో "వస్తాండా మా" అన్నాడంటే ఇక చెప్పక్కర్లేదు. సినిమాల్లో చూసిన సుమోలు, వేటకొడవళ్ళు అన్నీ ఓనరు కళ్ళ ముందు తిరుగుతాయి. ఎదురుగా నిలబడ్డవాడు కోళ్ళను కోయడం కూడా చూడలేని మనిషి కావచ్చు, అది వేరే సంగతి.

ఇంత తొందరగా తేల్చేయడం ఓనరు ఒక్కడి జబ్బు కాదు. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో జనీన్ విల్లిస్, అలెగ్జాండర్ టోడొరొవ్ ముక్కూమొహం తెలియనివాళ్ళ ఫొటోలను సెకనులో పదో వంతు సేపు చూపించి, ఈ మనిషిని నమ్మొచ్చా, సమర్థుడేనా, దుడుకువాడా అని అడిగారు. 2006లో ఫలితాలు అచ్చయ్యాయి. తీరిగ్గా ఫొటో చూసినవాళ్ళు చెప్పినదానికీ, వీళ్ళు చెప్పినదానికీ చాలావరకు పొంతన కుదిరింది. చూసే టైము పెంచితే అభిప్రాయం పెద్దగా మారలేదు, దాని మీద ధీమా మాత్రం పెరిగింది. నాకు టెన్షన్ పుట్టించేది ఈ రెండో సంగతే.

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనేవాడు పైపైన తెల్లగా కనబడిందని రేటు చెప్పడు. లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, పింజ లాగి చూస్తాడు, తేమ ఉందేమో చూస్తాడు. అతను ఏమనుకున్నా పత్తి మారదు. మనుషులు అలా కాదు, ఎదుటివాడు తమను ఏమనుకుంటున్నాడో దాన్నిబట్టి మారిపోతారు.

1977లో మార్క్ స్నైడర్, ఆయన సహచరులు మిన్నెసోటా యూనివర్సిటీలో ఈ సంగతిని పట్టుకున్నారు. మగపిల్లలకు తలా ఒక అమ్మాయి ఫొటో ఇచ్చి, ఈమెతో ఫోన్లో మాట్లాడండి అన్నారు. కొందరికి అందమైన ఫొటో, కొందరికి సాదా ఫొటో. అవతల మాట్లాడే అమ్మాయికీ ఆ ఫొటోకీ సంబంధమే లేదు. ఫొటోల సంగతి ఆమెకు తెలియదు కూడా. తర్వాత అమ్మాయి గొంతు మాత్రం విడిగా టేపులో వినిపించి, ఎలా మాట్లాడుతోందో చెప్పమని వేరేవాళ్ళను అడిగారు. అందగత్తె అని అవతలివాడు పొరబడ్డ అమ్మాయిలే మరింత కలుపుగోలుగా మాట్లాడారని వాళ్ళు తేల్చారు. వాడు ఉత్సాహంగా పలకరించాడు, ఆమె కూడా అలాగే బదులిచ్చింది. వాడి ఊహ వాడి చెవులకే నిజమై వినిపించింది.

ఇప్పుడు ఓనరు దగ్గరికి రండి. ఆయన ముక్తసరిగా మాట్లాడతాడు, కుర్రాడు బిగుసుకుపోయి ముక్తసరిగానే జవాబిస్తాడు. "చూశావా, నేను అప్పుడే అనుకున్నా" అంటాడు ఓనరు భార్యతో.

అద్దె ఇల్లు కాకపోతే ఇంకోటి దొరుకుతుంది. ఉద్యోగం దగ్గర దెబ్బ గట్టిది. అనంతపురం కాలేజీకి క్యాంపస్ ఇంటర్వ్యూకి వచ్చినాయన "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" దగ్గరే మనసులో మార్కులు వేసేస్తే, మిగతా ప్రశ్నలన్నీ ఆ మార్కులకు సాకులు వెతకడానికే. తడబడిన పిల్లకు కష్టమైన ప్రశ్న పడుతుంది, గలగలా మాట్లాడినవాడికి సులువైనది.

దీనికి డేనియల్ కానెమన్ 1955లోనే ఒక దారి చూపాడు. తర్వాత 2002లో నోబెల్ అందుకున్న ఆయన అప్పటికి ఇజ్రాయెల్ సైన్యంలో కుర్ర ఆఫీసరు. కొత్తగా చేరేవాళ్ళను ఇంటర్వ్యూ చేసేవాళ్ళు కాసేపు మాట్లాడి, వీడు పనికొస్తాడు, వీడు రాడు అని చెప్పేవాళ్ళు. ఆ జోస్యాలు ఎందుకూ కొరగాకుండా పోయేవి. కానెమన్ ఆరు గుణాలు ఎంచాడు. ఒక్కోదానికి విడిగా, జరిగిన సంగతుల గురించే ప్రశ్నలు అడగాలి, మార్కు వేశాకే రెండోదానికి వెళ్ళాలి. "మమ్మల్ని రోబోలను చేస్తున్నావ్" అని వాళ్ళు గొడవపెట్టారు. సరే, ఆరూ అయ్యాక కళ్ళు మూసుకుని మీకు తోచిన మార్కు కూడా వేయండి అన్నాడు, వాళ్ళ మనసు కష్టపెట్టడం ఎందుకని. కొన్ని నెలల తర్వాత పై అధికారుల అంచనాలతో పోల్చి చూస్తే, ఆరు మార్కుల మొత్తం పాత పద్ధతికన్నా ఎంతో మెరుగ్గా ఉంది. ఆయన అనుకోనిది ఇంకొకటి తేలింది: కళ్ళు మూసుకుని వేసిన ఆ ఆఖరి మార్కు కూడా అంతే బాగా పనిచేసింది.