లివర్ మళ్లీ పెరుగుతుంది సరే, మందు తాగినా పెరుగుతుందా?

అపోహ: సగం కోసిచ్చినా పెరిగే లివర్‌కి మందు ఓ లెక్కా?

వాస్తవం: సగం నిజమున్న మాట, అందుకే ఎక్కువ నమ్ముతారు. దాదాపు 60 శాతం కాలేయం ఇచ్చిన దాతకు కొన్ని నెలల్లో పరిమాణం చాలావరకు తిరిగొస్తుంది. కోసిన ముక్క మళ్లీ మొలవదు. మిగిలిన భాగంలోని కణాలే విభజన చెంది (ఒకటి రెండై) పెరుగుతాయి. అవి ఆరోగ్యంగా ఉంటాయి, లోపలి అల్లిక చెక్కుచెదరదు.

మద్యం ఈ రెండింటినీ దెబ్బతీస్తుంది. కణంలో మద్యం అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారి, సరుకు మోసే సన్నటి గొట్టాలకు అంటుకుంటుంది. తయారైన ప్రొటీన్లు బయటికి పోలేవు. కొవ్వు, నీరు చేరి కణం బెలూన్‌లా ఉబ్బుతుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ఆకారం చెడుతుంది. పెరగమని సంకేతం అందినా కణం సరిగా విభజన చెందదు.

పక్కనే విటమిన్ ఎ దాచుకునే స్టెల్లేట్ కణాలు కొల్లాజెన్ అనే మచ్చ పీచును పేర్చడం మొదలుపెడతాయి. రక్తనాళాల గోడల్లోని జల్లెడ రంధ్రాలు మూసుకుపోతాయి. ఇక కొత్త కణాలు పుట్టినా మచ్చ పట్టీల మధ్య గడ్డలుగానే పెరుగుతాయి. సిర్రోసిస్ అంటే ఇదే. కొవ్వు దశలోనే మానేస్తే మాత్రం చాలామందిలో కొన్ని వారాల్లోనే కొవ్వు తగ్గుతుంది.

అపోహ: బీరే కదా!

వాస్తవం: 42.8 శాతం విస్కీ 30 మి.లీ.లో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో 41 గ్రాములు. అంటే నాలుగు చిన్న పెగ్గులు.

అపోహ: ఎల్‌ఎఫ్‌టీ (లివర్ రక్తపరీక్ష) నార్మల్, ఇక భయం లేదు.

వాస్తవం: సిర్రోసిస్‌లోనూ ఎంజైములు నార్మల్‌గా రావచ్చు. ప్లేట్‌లెట్లు, ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రొటీన్), ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చెప్పే పరీక్ష) కూడా చూడాలి. లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌కి కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. ఈమధ్య దాకా బాగా తాగుతూ ఉంటే రీడింగ్ అసలు కంటే ఎక్కువ చూపించొచ్చు.

అపోహ: కామెర్లొస్తే పప్పు, గుడ్డు బంద్. మజ్జిగన్నమే పథ్యం.

వాస్తవం: ఈ పథ్యం చేసే నష్టం తక్కువేమీ కాదు. సిర్రోసిస్ రోగికి కిలో బరువుకు రోజూ 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. దెబ్బతిన్న కాలేయంలో గ్లైకోజెన్ (దాచుకున్న చక్కెర) నిల్వ తక్కువ. రాత్రంతా కడుపు ఖాళీగా ఉంటే శరీరం కండనే కరిగించుకుంటుంది. అందుకే పడుకునే ముందు ఏదైనా తినాలి.

అపోహ: రేపట్నుంచి చుక్క ముట్టను, డాక్టరెందుకు?

వాస్తవం: మానాల్సిందే. కానీ ఏళ్లుగా రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత మతిభ్రమ రావచ్చు. ఆసుపత్రిలో డాక్టరు పర్యవేక్షణలో మానాలి. గ్లూకోజ్ సెలైన్ ఎక్కించేముందే థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వాలి.