క్లినిక్ ముందు ప్రార్థనకు వెళ్తున్నారా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

తపస్కాలం మొదలయ్యే ముందు ఒకసారి, సెప్టెంబరు చివర్లో ఇంకోసారి కొత్త వాలంటీర్లు వస్తారు. అబార్షన్ వద్దంటూ క్లినిక్‌ల ముందు ప్రార్థన చేసే ‘40 డేస్ ఫర్ లైఫ్’ కార్యక్రమం ఏటా ఆ రెండు కాలాల్లోనే నడుస్తుంది మరి. అమెరికాలోని తెలుగు చర్చిల నుంచి వచ్చేవాళ్లు శిక్షణలో కూర్చోగానే, క్లినిక్ దారికి అడ్డుపడటాన్ని నేరం చేసిన ఫేస్ చట్టం గురించి అడిగే మొదటి మాట: “ఫేస్ యాక్ట్ ఎత్తేశారట కదా బ్రదర్, ఇంకా ఈ రూల్స్ ఎందుకు?” వెనక వరుసలోంచి ఇంకొకరు భయం భయంగా: “మాది హెచ్‌1బీ. అక్కడ నిలబడితే చాలు, వీసా పోతుందంటున్నారు?” రెండూ ఒకే వాట్సాప్ గ్రూపులో తిరిగే ఫార్వర్డులు. రెండూ తప్పే. మనుషుల్ని ఎక్కువగా ముంచేది మాత్రం మొదటిది.

అపోహ: ఫేస్ చట్టం పోయింది. సైడ్‌వాక్ మనది, ఇక ఎవరూ ఏమీ అనరు.

పోలేదు. 1994 మేలో క్లింటన్ సంతకం చేసిన ఆ చట్టం ఇంకా అమల్లోనే ఉంది. 2025 జనవరి 23న ట్రంప్ ఈ చట్టం కింద శిక్షపడిన 23 మందికి క్షమాభిక్ష పెట్టారు. మర్నాడు న్యాయశాఖ ఒక మెమో ఇచ్చింది: అబార్షన్ క్లినిక్‌లకు సంబంధించిన ఫేస్ కేసులు ఇకమీద అసాధారణ పరిస్థితుల్లోనే పెడతాం, అంటే ప్రాణం పోవడం, తీవ్రంగా గాయపడటం, భారీ ఆస్తి నష్టం లాంటివి ఉంటేనే అని. ఫార్వర్డులో ఈ రెండూ కలిసి “చట్టం రద్దు” అయిపోయాయి.

క్షమాభిక్ష ఆ 23 మందిది, మనది కాదు. మెమో ఒక ప్రభుత్వ విధానం. తర్వాత వచ్చేవాళ్లు ఒక్క సంతకంతో తీసేయవచ్చు. ఫెడరల్ నేరాలకు మామూలు కాలపరిమితి 5 ఏళ్లు. ఇవాళ చేసిన పనికి వచ్చే ప్రభుత్వం కేసు పెట్టే వీలుంది. పైగా న్యాయశాఖ ఊరుకున్నా క్లినిక్ ఊరుకోవాలని లేదు. అదే చట్టం కింద క్లినిక్ నేరుగా సివిల్ దావా వేయవచ్చు. అసలు నష్టం లెక్క తేల్చకుండానే ఉల్లంఘనకు 5,000 డాలర్ల చొప్పున అడగవచ్చు. రాష్ట్ర అటార్నీ జనరల్ కూడా వేయవచ్చు. న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలకు ఇలాంటి చట్టాలు సొంతంగా ఉన్నాయి. వాషింగ్టన్ మెమోతో వాటికి పనిలేదు.

శిక్షలు కూడా చూడండి. హింస లేకుండా దారికి అడ్డంపడటం ఒక్కటే అయితే మొదటిసారి 6 నెలల వరకు జైలు, 10,000 డాలర్ల వరకు జరిమానా. రెండోసారి 18 నెలలు, 25,000. బెదిరింపు, చేయి చేసుకోవడం ఉంటే మొదటిసారే ఏడాది వరకు.

చట్టం ఏం వద్దంటోంది? బలప్రయోగం, బెదిరింపు, దారికి అడ్డుపడటం. నిలబడటం, జపమాల చెప్పుకోవడం, పలకరించడం, కరపత్రం అందించడం నిషేధం కాదు. చిక్కంతా మూడో మాటలో ఉంది. అడ్డుపడటమంటే గుమ్మానికి గొలుసు వేసుకుని కూర్చోవడమే అనుకుంటారు. దారిని అకారణంగా కష్టంగానో ప్రమాదకరంగానో మార్చినా అది అడ్డుపడటమే. మనవాళ్లు దొరికిపోయేది ఇక్కడే, అదీ ఎక్కువగా డ్రైవ్‌వే దగ్గర.

కారు రోడ్డు మీద నుంచి లోపలికి తిరుగుతుంది. వాలంటీరు కరపత్రం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్తారు. కారు నెమ్మదిస్తుంది, వెనక కారు హారన్ కొడుతుంది. ఆ తొందరలో వాలంటీరు ఒక అడుగు ముందుకేస్తారు. ఆ అడుగు పడింది సైడ్‌వాక్ కాంక్రీటు మీద కాదు, క్లినిక్ తారు మీద. అంతే, ఒక్క క్షణంలో ట్రెస్‌పాస్‌కూ అడ్డుపడటానికీ రెండింటికీ సాక్ష్యం క్లినిక్ కెమెరాలో చేరిపోయింది. ఆ వాలంటీరు చెడ్డ ఉద్దేశంతో ఏమీ చేయలేదు. కెమెరాకు ఉద్దేశం కనిపించదు.

అందుకే మా పద్ధతి ఇది. కారు తిరిగేటప్పుడు డ్రైవరు ఉండే ఎడమ పక్క, డ్రైవ్‌వే అంచుకు బయట నిలబడాలి. కరపత్రం అరచేతిలో పెట్టి పక్కకు చాచాలి, కారు ముందుకు చాచకూడదు. అద్దం దిగకపోతే చెయ్యి దించి రెండడుగులు వెనక్కి. దిగితే రెండు వాక్యాలు చాలు. కారు ఆగిపోయి వెనక ఇంకోటి వస్తే “పక్కన వీధిలో ఆపుకోండి, నేనే వస్తాను” అని చెప్పి తప్పుకోవాలి. డ్రైవ్‌వే మీదుగా అటూ ఇటూ నడవాల్సి వస్తే కారు కనబడగానే అంచు దగ్గరే ఆగాలి, నడిమధ్యలో కాదు. అక్కడ మోకాళ్లూనడం ఎంతమాత్రం కుదరదు. కిటికీ సందులోంచి కాగితం లోపలికి పడేయకూడదు. ఎవరినీ ముట్టుకోకూడదు, భుజం మీద ఓదార్పుగా చెయ్యి వేయడం కూడా వద్దు.

వెళ్లకముందు చేయాల్సిన పని ఇంకోటుంది. కౌంటీ వెబ్‌సైట్‌లో పార్సిల్ మ్యాప్ (స్థలాల హద్దుల పటం) చాలాచోట్ల ఉచితంగా దొరుకుతుంది. క్లినిక్ హద్దు ఎక్కడిదాకా ఉందో చూసి ప్రింటు తీసి జేబులో పెట్టుకోండి. క్లినిక్ స్ట్రిప్ మాల్‌లో ఉంటే ఇంకా జాగ్రత్త. షాపుల ముందు నడకదారి చూడటానికి సైడ్‌వాక్‌లాగే ఉంటుంది, కానీ మాల్ యజమానిది. ఆయన ఫోన్ చేస్తే పోలీసులు రావాల్సిందే, మీరు కదలాల్సిందే.

అపోహ: బఫర్ జోన్లను సుప్రీంకోర్టు కొట్టేసింది.

బఫర్ జోన్ అంటే క్లినిక్ చుట్టూ నిరసనకారులు నిలబడకూడదని గీసిన హద్దు. అలాంటివాటిలో ఒకదాన్ని కొట్టేసింది. మసాచుసెట్స్‌లో క్లినిక్ గుమ్మం చుట్టూ ఉన్న 35 అడుగుల జోన్ చెల్లదని 2014లో మెకల్లెన్ కేసులో న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా చెప్పారు. కానీ 2000లో హిల్ కేసులో సమర్థించిన కొలరాడో చట్టం ఇప్పటికీ ఉంది: గుమ్మానికి 100 అడుగుల లోపల, అవతలి మనిషి ఒప్పుకోకుండా 8 అడుగుల కంటే దగ్గరికి వెళ్లి కరపత్రం ఇవ్వకూడదు, నచ్చజెప్పకూడదు. మీరు కదలకుండా నిలబడితే, వాళ్లే మీ పక్కనుంచి నడిచి వెళ్తే తప్పు కాదు. హిల్ తీర్పును తిరగదోడమని ఇల్లినాయ్‌లోని కార్బన్‌డేల్, న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్ కేసుల్లో అడిగితే 2025 ఫిబ్రవరి 24న సుప్రీంకోర్టు విననంది. పిట్స్‌బర్గ్‌లో 15 అడుగుల జోన్ ఉంది, అయితే ఒకరితో ఒకరు మెల్లగా మాట్లాడుకునే కౌన్సెలింగ్‌కు అది వర్తించదని అప్పీలు కోర్టు 2019లో తేల్చింది. ఊరికో లెక్క. సిటీ క్లర్క్ ఆఫీసుకు ఫోన్ చేసి క్లినిక్ జోన్, మైకు, బోర్డుల నిబంధనలు అడగండి. పావుగంట పని.

లండన్‌లోనో గ్లాస్గోలోనో ఉన్న మన బంధువులకు ఈ అమెరికా సలహాలు పంపకండి, పుణ్యముంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2024 అక్టోబరు 31 నుంచి క్లినిక్ చుట్టూ 150 మీటర్లు, స్కాట్లాండ్‌లో అదే ఏడాది సెప్టెంబరు 24 నుంచి 200 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. అక్కడ కరపత్రమే నేరం కిందికి వస్తుంది. మౌన ప్రార్థనకు కూడా భరోసా లేదు. బోర్న్‌మత్‌లో స్థానిక జోన్‌లో మౌనంగా ప్రార్థించిన వ్యక్తిని 2024 అక్టోబరులో కోర్టు దోషిగా తేల్చి, 9,000 పౌండ్ల ఖర్చులు కట్టమంది.

అపోహ: వీసా మీద ఉన్నవాళ్లు అక్కడ నిలబడితే చాలు, ప్రమాదమే.

ఈ భయాన్ని ఎగతాళి చేసేవాళ్లంటే నాకు చిరాకు. ఇల్లు, పిల్లల చదువు, ఇరవై ఏళ్ల గ్రీన్‌కార్డ్ క్యూ అన్నీ ఒక్క కాగితం మీద ఆధారపడ్డవాళ్లు భయపడకేం చేస్తారు? అమెరికాలో చట్టబద్ధంగా ఉంటున్న విదేశీయులకూ మాట్లాడే హక్కు ఉందని సుప్రీంకోర్టు 1945లోనే చెప్పింది. శాంతిగా ప్రార్థించడం వీసా నిబంధనల ఉల్లంఘన కాదు.

ప్రమాదం అరెస్టులో ఉంది. కేసు కొట్టేసినా అరెస్టు మిగిలిపోతుంది. వీసాకు నింపే డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, క్షమాభిక్ష వచ్చినా చెప్పాల్సిందే. పౌరసత్వానికి నింపే ఎన్-400లో అరెస్టుతో పాటు పోలీసు సైటేషన్ (చలానా) గురించీ అడుగుతారు. అందుకే వీసా మీద ఉన్నవాళ్లనూ గ్రీన్‌కార్డ్ వాళ్లనూ డ్రైవ్‌వే దగ్గర పెట్టం. ప్రార్థన వరుసలో, హద్దుకు దూరంగా నిలబెడతాం. అదీ వద్దనుకుంటే ఇంట్లోంచి చేసే పని బోలెడు: డయపర్లు సర్దడం, సాయం కోసం ఇచ్చే ఫోన్ నంబర్ల జాబితా ఇప్పటికీ పనిచేస్తోందో లేదో చూడటం, తెలుగులో మాట్లాడాల్సి వస్తే అందుబాటులో ఉండటం.

పోలీసు వచ్చి జరగమంటే ముందు జరగండి. “ఎక్కడ నిలబడవచ్చో చూపిస్తారా ఆఫీసర్?” అని అడగండి. మ్యాప్ తీసి వాదన పెట్టుకునేది అక్కడ కాదు, తర్వాత లాయరుతో. సైటేషన్ ఇస్తే సంతకం పెట్టి తీసుకోండి. ఆ సంతకం తప్పు ఒప్పుకున్నట్టు కాదు. కానీ ఇంటికొచ్చి “ఏముందిలే, యాభై డాలర్లే” అని ఆన్‌లైన్‌లో ఫైన్ కట్టేయకండి. చాలాచోట్ల ఫైన్ కట్టడమంటే నేరం ఒప్పుకోవడమే. ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాకే ఏదైనా. కేసు ముగిశాక కోర్టు క్లర్క్ దగ్గర సర్టిఫైడ్ డిస్పోజిషన్ (కేసు ఎలా ముగిసిందో చూపే ధ్రువపత్రం) తీసుకుని పాస్‌పోర్టుతో పాటు దాచుకోండి.

మిగతావి, త్వరగా.

లోపలికి వెళ్లే ప్రతి స్త్రీ అబార్షన్ కోసమే వచ్చిందనుకోవద్దు. చాలా క్లినిక్‌లలో పాప్ స్మియర్, గర్భనిరోధక మాత్రలు, ఇన్ఫెక్షన్ పరీక్షలు కూడా ఉంటాయి. “అమ్మా, బిడ్డను చంపకు” అని మొదలుపెడితే పరీక్షకు వచ్చిన ఆవిడ ఏడుస్తుంది, నిజంగా సాయం కావాల్సిన ఆవిడ తల దించుకుని వేగంగా నడుస్తుంది. “గుడ్ మార్నింగ్, మీకేమైనా సాయం కావాలా?” చాలు.

అబార్షన్‌తో రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న కరపత్రాలు ఇంకా కనిపిస్తున్నాయి, చించేయండి. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 2003లోనే నిపుణులను కూర్చోబెట్టి, సంబంధం లేదని తేల్చింది. అబార్షన్ మాత్ర ప్రభావాన్ని వెనక్కి తిప్పుతుందనే ప్రొజెస్టెరాన్ చికిత్స గురించీ సైడ్‌వాక్ మీద వైద్యం చెప్పొద్దు. దానిమీద జరిగిన ఒక ట్రయల్‌ను, చేరిన 12 మందిలో ముగ్గురికి రక్తస్రావమై అంబులెన్స్‌లో తీసుకెళ్లాల్సి రావడంతో ఆపేశారు. ఎవరైనా ఒక పక్కనే పొత్తికడుపు నొప్పి, భుజం కొనన నొప్పి, కళ్లు తిరగడం అంటే ఎక్టోపిక్ (గర్భసంచి బయట పెరిగే గర్భం) కావచ్చు. ఇక మాటలు ఆపి 911కి ఫోన్ చేయండి. ఎక్టోపిక్ గర్భం నిలవదు. దానికి చికిత్స చేయించుకోవడాన్ని పాపమని ఎవరైనా అంటే వాళ్లను మా వరుసలో నిలబెట్టం.

ఆవిడ లోపలికి వెళ్లకుండా వెనక్కి తిరిగింది కాబట్టి పని అయిపోయిందనుకోవడం ఇంకో అపోహ. ఆవిడ కారెక్కిన నిమిషంలోనే ఇన్సూరెన్స్, అద్దె, ఉద్యోగం గుర్తొస్తాయి. డబ్ల్యూఐసీ (గర్భిణులకు, తల్లులకు, చిన్నపిల్లలకు ప్రభుత్వమిచ్చే) ఆహార సాయానికి ఇమిగ్రేషన్ స్టేటస్ అడగరు, ఆదాయం మాత్రం పేదరిక రేఖకు 185 శాతం లోపు ఉండాలి. గర్భిణి ఉన్న కుటుంబాన్ని లెక్కించేటప్పుడు కడుపులో బిడ్డనూ కలుపుతారు. హెచ్‌4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్న అమ్మాయి పక్కన భర్తో అత్తగారో ఉండి, ఆమె నోరు విప్పకపోతే వాళ్ల ఎదుట ఏమీ అడగకండి. గృహహింస హెల్ప్‌లైన్ నంబరు 1-800-799-7233 ఉన్న చిన్న కార్డు, లిప్‌స్టిక్ అంత ఉండేది, విడిగా ఇవ్వండి. పెద్ద కరపత్రం ఇంట్లో ఎవరి కంటనైనా పడుతుంది.

ఫోటోలు, వీడియోలు, కార్ల నంబర్లు వద్దేవద్దు, ప్రార్థన వరుసలో సెల్ఫీ కూడా. మీ సెల్ఫీ వెనక నడిచి వెళ్తున్న అమ్మాయి ముఖం ఆ సాయంత్రానికల్లా చర్చి గ్రూపులో ఉంటుంది, ఆ గ్రూపులో ఆమె మేనత్త ఉండొచ్చు.