బ్రిడ్జిలో బండగుర్తులు: అపోహలు - వాస్తవాలు

నలుగురు రెండు జంటలుగా ఆడే పేకాట బ్రిడ్జి. దాన్ని నేర్చుకునేవాళ్లకి మొదట దొరికేవి సూత్రాలే. "తురుపులు ముందు లాగేయండి", "తొమ్మిది ముక్కలుంటే ఫినెస్ వద్దు", "మూడో చెయ్యి పెద్ద ముక్క వేయాలి". (నలుగురూ తలా ఒక ముక్క వేసే రౌండు ట్రిక్కు; మిగతా సూట్ల ముక్కల్ని కొట్టగలిగే సూట్ తురుపు; ప్రత్యర్థి పెద్ద ముక్క మనకు అనుకూలమైన పక్కన ఉందని నమ్మి చిన్న ముక్కతో ట్రిక్కు తీయబోవడం ఫినెస్; ట్రిక్కులో మూడోగా వేసేవాడు మూడో చెయ్యి.) వీటిలో ఏదీ పూర్తిగా తప్పు కాదు. కాకపోతే ప్రతి సూత్రం వెనకా ఒక లెక్క ఉంది. ఆ లెక్క తెలియకుండా సూత్రాన్ని మాత్రమే పట్టుకుంటే, లెక్క మారిన చోట చేతిలోకి వచ్చిన కాంట్రాక్ట్ (వేలంలో ఇన్ని ట్రిక్కులు తీస్తామని ఒప్పుకున్నది) జారిపోతుంది. రమ్మీ ఆడి బ్రిడ్జికి వచ్చిన మనవాళ్లు ఎక్కువగా పొరపడే చోట్లు ఇవి.

అపోహ: మంచి ముక్కలు పడినవాళ్లే గెలుస్తారు.

ఇంట్లో నలుగురు కూర్చుని ఆడే ఆటలో ఇది కొంతవరకు నిజమే. డూప్లికేట్ బ్రిడ్జిలో మాత్రం పంచిన ముక్కల్ని నాలుగు అరలున్న బోర్డులో పెట్టి, అవే ముక్కల్ని అన్ని బల్లలకూ తిప్పుతారు. మీ స్కోరును పోల్చేది ఎదురుగా ఉన్న ప్రత్యర్థులతో కాదు, అవే ముక్కలతో అదే దిక్కున ఆడిన ఇతర జంటలతో. చెత్త ముక్కలు వస్తే వాళ్లకూ అవే వస్తాయి. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు రమ్మీ కేసులో సుప్రీంకోర్టు 1968లో తీర్పిస్తూ, రమ్మీలో అదృష్టం పాలు బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండేలాంటిదేనని చెప్పింది. రమ్మీ నైపుణ్యాన్ని కొలవడానికి కోర్టు బ్రిడ్జిని ఆనవాలుగా తీసుకుంది. జకార్తాలో జరిగిన 2018 ఆసియా క్రీడల్లో పురుషుల జంటల బ్రిడ్జి స్వర్ణం మన దేశానికే వచ్చింది.

అపోహ: 13 పాయింట్లుంటే ఓపెన్ చేయాలి, 11 ఉంటే పాస్ చెప్పాలి.

ఓపెన్ చేయడమంటే వేలంలో మొదటి బిడ్ చెప్పడం. పాయింట్లు ఇలా: ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1. పేక మొత్తానికి 40 పాయింట్లు, సగటున మనిషికి 10. లెక్క సులువే, కానీ ఇది ముక్కల పొడవునూ చూడదు, పెద్ద ముక్కలు ఎక్కడున్నాయో కూడా చూడదు. ఈ రెండు చేతులూ చూడండి.

మొదటిది: ఇస్పేటు ఆసు, రాజు, జాకీ, 9, 5, ఆటీను 8, డైమను రాజు, 10, 8, 4, 2, కళావరు 7, 3. మొత్తం 11 పాయింట్లు.

రెండోది: ఇస్పేటు రాణి, జాకీ, ఆటీను రాణి, జాకీ, 4, డైమను రాజు, జాకీ, 6, 3, కళావరు రాణి, జాకీ, 5, 2. మొత్తం 13.

మొదటి చేతిలో పాయింట్లన్నీ పొడవైన సూట్లలోనే ఉన్నాయి. పార్టనర్ దగ్గర ఇస్పేట్లు గానీ డైమన్లు గానీ నాలుగున్నా చిన్న ముక్కలు కూడా ట్రిక్కులవుతాయి. నిస్సంకోచంగా ఒక ఇస్పేటు చెప్పండి. రెండో చేతిలో ఒక్క ఆసు కూడా లేదు, ఇస్పేటు రాణి, జాకీ రెండూ ఏమీ గెలవకుండానే రాలిపోవచ్చు. దాన్ని పాస్ చేస్తే తప్పేమీ లేదు. పాయింట్లకి రెండు పొడవైన సూట్ల ముక్కల్ని కలిపి 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఓపెన్ చేయమనే సూత్రం ఇంకొకటి ఉంది. దాని ప్రకారం ఈ రెండు చేతులకీ 21 వస్తుంది. అంటే ఆ సూత్రం కూడా వీటి మధ్య తేడా పట్టలేదు. ఆసులు, రాజులు పొడవైన సూట్లలో ఉన్నాయా లేదా అని మనమే చూసుకోవాలి.

అపోహ: ఇద్దరి దగ్గరా కలిపి 25 లేకపోతే గేమ్ చెప్పకూడదు.

టీమ్ మ్యాచ్‌లో ఇంప్‌ల లెక్క (రెండు బల్లల స్కోర్ల తేడాని మార్చి ఇచ్చే పాయింట్లు) చూస్తే సంగతి తెలుస్తుంది. గేమ్ అంటే 4 ఇస్పేట్లలాంటి, బోనస్ తెచ్చే కాంట్రాక్ట్. మీరు వల్నరబుల్, అంటే బోనసూ జరిమానా రెండూ పెరిగే స్థితిలో ఉన్నారు. మీరు 4 ఇస్పేట్లు (ఇస్పేటు తురుపుగా పది ట్రిక్కులు; చెప్పిన అంకెకి ఆరు కలపాలి) చెప్పి చేశారు, అవతలి బల్ల దగ్గర 2 ఇస్పేట్లు చెప్పి పది ట్రిక్కులు తీశారు. 620కి 170, తేడా 450, అంటే 10 ఇంప్‌లు. మీరు ఒక ట్రిక్కు తగ్గితే? మీకు మైనస్ 100, వాళ్లకి 140, తేడా 240, అంటే 6 ఇంప్‌లు. కాబట్టి పదహారులో ఆరు వంతుల అవకాశం, అంటే 37.5 శాతం ఉన్నా గేమ్ చెప్పడం నష్టం కాదు. వల్నరబుల్ కానప్పుడు ఇదే లెక్క 6 లాభం, 5 నష్టం, అంటే దాదాపు 45 శాతం. మ్యాచ్‌పాయింట్లలో (జంటల పోటీల స్కోరు లెక్కలో) ఎంత తేడాతో గెలిచారన్నది లెక్కలోకి రాదు, అక్కడ సగానికి సగం అవకాశం కావాలి. ఒకే జత ముక్కలతో టీమ్ మ్యాచ్‌లో గేమ్ చెప్పడం, జంటల పోటీలో ఆగిపోవడం, రెండూ సరైన నిర్ణయాలే కావచ్చు.

అపోహ: కాంట్రాక్ట్ పోతుందనిపిస్తే డబుల్ చెప్పాలి.

డబుల్ అంటే ప్రత్యర్థుల కాంట్రాక్ట్ మీద పందెం పెంచడం. వల్నరబుల్ కాని ప్రత్యర్థులు 4 ఇస్పేట్లు చెప్పారు. అది ఒకటి తగ్గితే డబుల్ వల్ల మీకు అదనంగా వచ్చేది 50. వాళ్లు చేసేస్తే 420 కాస్తా 590 అవుతుంది, మీకు 170 నష్టం. పైగా తురుపులో రాణి, జాకీ మీ దగ్గరున్నాయని డిక్లేరర్‌కి (కాంట్రాక్ట్ ఆడేవాడికి) మీరే చెప్పినట్టు. రెండు మూడు తగ్గుతుందన్న నమ్మకం ఉంటేనే ఆ డబుల్‌కి విలువ. చిన్న కాంట్రాక్ట్‌ల మీద చెప్పే డబుల్ సంగతి వేరు. అది చాలావరకు "నీకు పొడవున్న సూట్ చెప్పు" అని పార్టనర్‌ని అడగడమే.

అపోహ: తురుపులు ముందు లాగేయాలి.

అన్నిటికంటే ఎక్కువ కాంట్రాక్టుల్ని పోగొట్టేది ఇదే, అందుకే ఒక బోర్డును చివరిదాకా ఆడి చూద్దాం. కాంట్రాక్ట్ 4 ఇస్పేట్లు.

డమ్మీ (బల్ల మీద పరిచిన మీ పార్టనర్ చెయ్యి): ఇస్పేటు జాకీ, 9, 3, ఆటీను 8, డైమను రాజు, 7, 4, 2, కళావరు రాణి, 7, 6, 4, 3.

మీరు: ఇస్పేటు ఆసు, రాజు, రాణి, 10, 4, ఆటీను ఆసు, 7, 3, డైమను ఆసు, 6, కళావరు 8, 5, 2.

లీడ్ (మొదట ఆడిన ముక్క) డైమను రాణి. డమ్మీ నుంచి ముక్క వేసే ముందు ట్రిక్కులు లెక్కపెట్టండి. ఇస్పేట్లు ఐదు, ఆటీను ఆసు, డైమన్లో రెండు: మొత్తం ఎనిమిది. కావలసినవి పది. ఆ రెండూ డమ్మీ తురుపులతో మీ ఆటీన్లను కొడితేనే వస్తాయి. మూడు రౌండ్లు తురుపు లాగితే డమ్మీలో తురుపే మిగలదు, రెండు తగ్గుతారు. రెండు రౌండ్లు లాగితే ఒక తురుపు మిగులుతుంది, ఒకటి తగ్గుతారు.

డైమను ఆసుతో గెలవండి. ఆటీను ఆసు తీసి, ఆటీను 3 ఆడి డమ్మీలో 9తో కొట్టండి. ఇక్కడ చేతికందిన చిన్న తురుపు వేయాలనిపిస్తుంది. వేయకండి. ప్రత్యర్థుల దగ్గరున్న తురుపులు 8, 7, 6, 5, 2, కాబట్టి 9 మీద ఎవరూ కొట్టలేరు. ఇప్పుడు ఇస్పేటు 3 ఆడి మీ ఆసుతో చేతికి రండి. మిగిలిన ఆటీనును జాకీతో కొట్టండి. తర్వాత డైమను రాజు తీసి, ఇంకో డైమను ఆడి మీ చేతిలో 10తో కొట్టండి, అదీ భద్రమే. ఆ తర్వాత రాజు, రాణి తీయండి. తురుపులు 3-2గా ఉంటే (ఆ అవకాశం 68 శాతం) మీ 4 కూడా గెలుస్తుంది. లెక్కపెట్టండి, పది. చివరి మూడు కళావర్లూ ప్రత్యర్థులకి వదిలేయండి.

మరి తురుపులు ఎప్పుడు లాగాలి? డమ్మీ తురుపులతో పని లేనప్పుడు, లేదా మీ సైడ్ సూట్ (తురుపు కాని సూట్) ట్రిక్కుల్ని ప్రత్యర్థులు కొట్టేసే ప్రమాదం ఉన్నప్పుడు. మీరు డమ్మీలో కొట్టే పని పెట్టుకున్నారని పసిగట్టిన మంచి డిఫెండర్లు లీడ్ దొరికిన ప్రతిసారీ తురుపే ఆడతారు. పై బోర్డులో మాత్రం మొదటి లీడ్ తురుపైనా ఫర్వాలేదు, డైమను ఆసుతో చేతికి తిరిగొచ్చి రెండు ఆటీన్లనూ కొట్టొచ్చు.

అపోహ: తొమ్మిది ముక్కలుండి రాణి లేకపోతే ఫినెస్ చేయకూడదు.

మీ దగ్గర ఆసు, రాజు, జాకీతో ఐదు ముక్కలు, డమ్మీలో చిన్నవి నాలుగు. ఆసు తీశారు, ఇద్దరూ చిన్న ముక్కలే వేశారు. డమ్మీ నుంచి చిన్నది ఆడితే కుడి ప్రత్యర్థి మళ్లీ చిన్నదే వేశాడు. ఇక తెలియనిది రాణి ఒక్కటే. కుడి ప్రత్యర్థి ఈ సూట్లో రెండు చూపించాడు కాబట్టి అతని చేతిలో తెలియని ముక్కలకి ఖాళీలు 11. ఎడమ ప్రత్యర్థి ఒకటి చూపించాడు, ఖాళీలు 12. రాణి ఎడమ పక్కన ఉండే అవకాశం 23లో 12, అంటే 52 శాతం. రాజు తీసి రాణి రాలుతుందని ఆశించమనే సూత్రానికి ఆధారం ఈ చిన్న తేడాయే.

ఇప్పుడు ఎడమ ప్రత్యర్థి 3 ఆటీన్లు అనే బిడ్‌తో ఓపెన్ చేసి తన దగ్గర ఏడు ఆటీన్లున్నాయని చూపించాడనుకోండి, కుడి ప్రత్యర్థికి రెండే ఉన్నాయి. ఎడమ పక్క ఖాళీలు 12 నుంచి 5కి పడిపోతాయి, కుడి పక్క 11 నుంచి 9కి. రాణి కుడి పక్కన ఉండే అవకాశం 14లో 9. ఇక మారు మాట లేకుండా ఫినెస్సే. బిడ్డింగ్‌లో విన్న ఒక్క మాట, బట్టీపట్టిన సూత్రాన్ని తలకిందులు చేసేసింది. బిడ్డింగ్ జరుగుతున్నప్పుడే ప్రత్యర్థుల పొడవులు గుర్తుపెట్టుకోవాలని పదేపదే చెప్పేది ఇందుకే.

అపోహ: మూడో చెయ్యి పెద్ద ముక్క వేయాలి.

డమ్మీలో రాణి, 7, 3 కనిపిస్తున్నాయి. పార్టనర్ ఆ సూట్లో చిన్నది లీడ్ చేశాడు, డమ్మీ నుంచి 3 పడింది. మీ దగ్గర రాజు, జాకీ, 5. జాకీ వేయండి. డిక్లేరర్ దగ్గర ఆసు ఉన్నప్పుడు మీరు రాజు వేస్తే ఆసుతో పాటు రాణి కూడా ట్రిక్కవుతుంది. జాకీ వేస్తే డమ్మీ రాణి మీద మీ రాజు కాపలా ఉంటుంది. డమ్మీలో పెద్ద ముక్కేమీ లేకపోతే సూత్రం మామూలుగానే పనిచేస్తుంది.

అపోహ: స్లామ్‌కి ముందు బ్లాక్‌వుడ్ తప్పనిసరి.

స్లామ్ అంటే 12 లేదా 13 ట్రిక్కుల కాంట్రాక్ట్. బ్లాక్‌వుడ్ అంటే 4 నోట్రంప్స్ (తురుపు లేని బిడ్) చెప్పి ఆసులడగడం. అది ఎన్ని ఆసులున్నాయో చెబుతుంది, ఏ ఆసులో చెప్పదు. మీ చేతిలో ఇస్పేటు ఆసు, రాణితో ఆరు ముక్కలు. ఆటీను 6, 3. డైమను ఆసు, రాజు. కళావరు రాజు, రాణి, 5. మీరు ఇస్పేటు ఓపెన్ చేస్తే పార్టనర్ 3 ఇస్పేట్లకి పెంచాడు. ఆసులడిగితే ఒకటుందన్నాడు. అది ఆటీను ఆసా, కళావరు ఆసా? కళావరుదైతే ప్రత్యర్థులు మొదటి రెండు ట్రిక్కుల్లోనే ఆటీను ఆసు, రాజు తీసేయొచ్చు. ఒక సూట్లో రెండు చిన్న ముక్కలున్నప్పుడూ, ఏదైనా సూట్ అసలే లేనప్పుడూ బ్లాక్‌వుడ్ జోలికి పోవద్దు. ఇక్కడ 4 కళావర్లు చెప్పి ఆ సూట్లో పట్టు చూపించండి. పార్టనర్‌కి ఆటీనులో ఆసో, రాజో, ఒక్క ముక్కో ఉంటే 4 ఆటీన్లు చెబుతాడు, అప్పుడు ముందుకెళ్లొచ్చు. 4 ఇస్పేట్లకి వచ్చేస్తే ఆటీన్లు రెండూ పోతాయని అర్థం, అక్కడే పాస్ చెప్పండి.