మూడు ఎన్నికలు, మూడు పార్టీలు: మాన్‌హైమ్-1 నియోజకవర్గం కథ

2016 మార్చి 13న జర్మనీలోని బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్ర ఎన్నికల ఫలితాలు వస్తుంటే అందరి కళ్లూ గ్రీన్స్ పార్టీ మీదే ఉన్నాయి. ఒక జర్మన్ రాష్ట్రంలో ఆ పార్టీ మొదటి స్థానంలో నిలవడం అదే తొలిసారి మరి. ఆ హడావుడిలో మాన్‌హైమ్-1 ఫలితం సోషల్ డెమోక్రాట్లకు, అంటే ఎస్‌పీడీకి, పెద్ద దెబ్బే కొట్టింది. శరణార్థుల రాకను వ్యతిరేకించే, పుట్టి మూడేళ్లు మాత్రమే అయిన మితవాద (రైట్‌వింగ్) పార్టీ ఏఎఫ్‌డీ తరఫున నిలబడ్డ రూడిగర్ క్లోస్ అక్కడ 23 శాతం ఓట్లతో గెలిచారు. రాష్ట్రంలోని 70 నియోజకవర్గాల్లో ఏఎఫ్‌డీ గెలిచినవి రెండే. ఫోర్ట్‌సైమ్ ఒకటి, ఇది రెండోది.

ఎస్‌పీడీకి అది అన్ని సీట్లలాంటి సీటు కాదు. 2006లో సంప్రదాయవాద పార్టీ సీడీయూ 69 నియోజకవర్గాలను ఊడ్చేసినప్పుడు చేతికి చిక్కకుండా మిగిలిన ఒకే ఒక్కటి మాన్‌హైమ్-1. 2011లో సీడీయూ 60, గ్రీన్స్ 9 గెలిస్తే ఎస్‌పీడీకి దక్కిన ఒక్కటీ మళ్లీ ఇదే. ఆ ఏడాది గెలిచిన ష్టెఫాన్ ఫుల్స్ట్-బ్లై 2016లో క్లోస్ చేతిలో కొద్ది తేడాతో ఓడిపోయారు.

ఈ కోట ఎలా కట్టారో తెలియాలంటే నెకర్ నది దాటి ఉత్తరానికి వెళ్లాలి. మాన్‌హైమ్ రైన్, నెకర్ నదులు కలిసే చోట పుట్టిన ఊరు. నగరంలో ఎక్కువగా ఉత్తరపు పేటలు మాన్‌హైమ్-1 కిందికి వస్తాయి: నెకర్‌స్టాట్, వాల్డ్‌హోఫ్, షోనావ్, జాండ్‌హోఫెన్, కేఫర్‌టాల్. వాల్డ్‌హోఫ్‌లో 1853లో ఫ్రెంచి పెట్టుబడితో అద్దాల ఫ్యాక్టరీ మొదలైంది. దాని పక్కనే కార్మికుల కాలనీ వెలిసింది. 1954లో పశ్చిమ జర్మనీకి ఫుట్‌బాల్ ప్రపంచకప్ తెచ్చిన కోచ్ సెప్ హెర్బెర్గర్ ఆ కాలనీలో పుట్టినవాడే. 1884లో కాగితపు గుజ్జు మిల్లు, 1908లో బెంజ్ కార్ల కొత్త కర్మాగారం వచ్చాయి. ఆ బెంజ్ ఫ్యాక్టరీ స్థలంలో తర్వాతి కాలంలో మెర్సిడెస్ బస్సులు తయారయ్యాయి.

ఇన్ని చిమ్నీల కింద యూనియన్లు బలపడటంలో ఆశ్చర్యం లేదు. పార్టీకీ కార్మిక సంఘాలకూ మధ్య సంబంధం ఎలా ఉండాలో తేల్చిన ఎస్‌పీడీ మహాసభ 1906లో మాన్‌హైమ్‌లోనే జరిగింది. ఈ నగరం నుంచి జర్మన్ పార్లమెంటుకు వెళ్లిన లుడ్విగ్ ఫ్రాంక్ ఆ పార్టీలో పేరున్న నేత. మొదటి ప్రపంచయుద్ధానికి స్వచ్ఛందంగా వెళ్లి 1914 సెప్టెంబరులో చనిపోయారు. చాలా తర్వాత, 1972 నుంచి 2023 దాకా యాభై ఏళ్లకు పైగా నగర మేయర్ పీఠం ఎస్‌పీడీ చేతుల్లోనే ఉంది.

రాష్ట్రం సంగతి మాత్రం పూర్తిగా వేరు. 1952లో మూడు చిన్న రాష్ట్రాలను కలిపి బాడెన్-వుర్టెంబర్గ్ ఏర్పాటు చేశాక, 1953 నుంచి 2011 దాకా ముఖ్యమంత్రి ఎప్పుడూ సీడీయూ వాడే. పల్లెలు, చిన్న పట్టణాలు, సొంత వర్క్‌షాపులున్న మధ్యతరగతి అంతా ఆ పార్టీ వెనకే నిలిచింది. అందుకే మాన్‌హైమ్ ఉత్తరాన్ని చుట్టూ నల్లరంగు పులుముకున్న మ్యాపులో ఒక ఎర్ర చుక్కగా చూసేవారు. అక్కడ సీడీయూ రంగు నలుపు, ఎస్‌పీడీది ఎరుపు.

ఇక్కడ ఎన్నికల పద్ధతి గురించి కొంచెం చెప్పుకోవాలి. అది తెలియకపోతే ఈ కథ సగమే అర్థమవుతుంది. జర్మన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటరుకు రెండు ఓట్లుంటాయి, అభ్యర్థికి ఒకటి, పార్టీకి ఒకటి. బాడెన్-వుర్టెంబర్గ్‌లో మాత్రం 2021 ఎన్నికల దాకా ఒకటే ఓటు. ఆ ఒక్క ఓటూ అభ్యర్థికీ లెక్కే, పార్టీకీ లెక్కే. నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చినవారు మనలాగే నేరుగా గెలుస్తారు. కానీ సభలో ఏ పార్టీకి ఎన్ని సీట్లన్నది రాష్ట్రం మొత్తంలో వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి తేలుతుంది. పార్టీకి ఇంకా సీట్లు రావాల్సి ఉంటే, ఓడినవారిలో మంచి శాతం తెచ్చుకున్నవాళ్లను లోపలికి పిలిచేవారు. పార్టీ ముందే తయారు చేసుకున్న జాబితా అంటూ ఏదీ ఉండేది కాదు. ఓడినా సభలో కూర్చోవాలంటే ఎవరి పేటలో వాళ్లు ఓట్లు తెచ్చుకోవాల్సి వచ్చేది.

ఇంకో విశేషం, ఉపఎన్నికలుండవు. బ్యాలెట్ మీదే అభ్యర్థి పేరుతోపాటు ప్రత్యామ్నాయ అభ్యర్థి పేరూ ఉంటుంది. పక్కనున్న మాన్‌హైమ్-2లో 2016లో గెలిచిన గ్రీన్స్ నేత వోల్ఫ్‌గాంగ్ రౌఫెల్డర్ అదే ఏడాది నవంబరులో చనిపోతే, మళ్లీ ఓటింగ్ లేకుండానే ఎల్కే త్సిమర్ ఆయన స్థానంలోకి వచ్చారు. ఉపఎన్నిక వస్తే ఊరంతా టెంట్లూ కాన్వాయ్‌లూ చూసే మనకు ఇది వింతగానే అనిపిస్తుంది.

మళ్లీ కోట దగ్గరికి వద్దాం. అది 2016లో ఒక్కరాత్రిలో కూలిందని రాసినవాళ్లున్నారు. అది నేను ఒప్పుకోను. అప్పటికే చాలా ఏళ్లుగా గోడలు గుల్లబారుతున్నాయి. పైన గెలుపు కనబడుతుండటంతో ఎవరూ పట్టించుకోలేదు. రాష్ట్రవ్యాప్తంగా ఎస్‌పీడీ ఓటు 2001లో 33.3 శాతం. 2006లో 25.2, 2011లో 23.1, 2016లో 12.7. మాన్‌హైమ్ ఉత్తరంలో మిగతా చోట్లకంటే ఓటు ఎక్కువే ఉండేది, కాబట్టి పడిపోతున్నా మొదటి స్థానం మాత్రం నిలిచింది. ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు తగ్గాయి, యూనియన్ పట్టు సడలింది. చాన్సలర్ ష్రోడర్ హయాంలో నిరుద్యోగ భృతిని కుదించిన హార్ట్స్ సంస్కరణలు తెచ్చింది ఎస్‌పీడీయే. కార్మిక వాడల్లో ఆ కోపం చాలాకాలం చల్లారలేదు.

ఆ కోపం కుడివైపు మళ్లడం కూడా ఏఎఫ్‌డీతో మొదలైంది కాదు. ఈ రాష్ట్రంలో 1968లో ఎన్‌పీడీ అనే అతి మితవాద పార్టీ 9.8 శాతంతో 12 సీట్లు గెలిచింది. 1992లో అలాంటిదే అయిన రిపబ్లికనర్ పార్టీ 10.9 శాతం తెచ్చుకుని సభలోకి రావడంతో, వేరే దారి లేక సీడీయూ, ఎస్‌పీడీ కలిసి ప్రభుత్వం నడపాల్సి వచ్చింది. ఆ ఎన్నికలు ఏప్రిల్‌లో జరిగితే, మే నెలాఖరులో షోనావ్ పేట రగిలింది. శరణార్థి ఒకడు ఒక అమ్మాయి మీద అత్యాచారం చేశాడని వదంతి పుట్టింది. అది నిజం కాదు. కానీ శరణార్థుల వసతి గృహం ముందు వందలమంది చేరి దాడికి దిగబోయారు. జర్మనీ మొత్తాన్ని కుదిపిన దాడులు రోస్టాక్ నగరంలో వలసదారుల మీద జరగడానికి మూడు నెలల ముందు మాట ఇది. రోస్టాక్ అందరికీ గుర్తుంది, షోనావ్‌ను దేశం దాదాపు మరిచిపోయింది.

2015లో ఏం జరిగిందో ఈ నేపథ్యంతో చూడాలి. కేఫర్‌టాల్‌లో అమెరికా సైన్యం ఖాళీ చేసి వెళ్లిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ విలేజ్ ఉంది. వేలమంది శరణార్థులకు తాత్కాలిక వసతి అక్కడే కల్పించారు. నాలుగైదు నెలల్లో ఎన్నికలు. రాష్ట్ర ప్రభుత్వంలో ఎస్‌పీడీ చిన్న భాగస్వామి. 2011లో జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం జరిగిన 16 రోజులకే జరిగిన ఎన్నికల్లో, అణువిద్యుత్తును వ్యతిరేకించే గ్రీన్స్ 24.2 శాతం తెచ్చుకుని ఎస్‌పీడీని కొద్దిలో దాటేయడంతో, ముఖ్యమంత్రి కుర్చీ గ్రీన్స్ నేత విన్‌ఫ్రీడ్ క్రెచ్‌మన్‌కు దక్కింది. అధికారంలోకి వచ్చామన్న పేరే కానీ మంచి పేరంతా ఆయనకు, చెడ్డ పేరులో వాటా ఎస్‌పీడీకి అన్నట్టు తయారైంది.

అయినా ఒక లెక్క మరువకూడదు. 23 శాతంతో గెలవడమంటే, ఓటేసిన వందమందిలో 77 మంది క్లోస్‌ను వద్దనుకున్నారని. ఎస్‌పీడీ, గ్రీన్స్, సీడీయూ మధ్య మిగతా ఓట్లు చీలకపోతే ఆ గెలుపు సాధ్యమయ్యేదే కాదు. మాన్‌హైమ్-1 మితవాదుల అడ్డాగా మారిందని అప్పట్లో వచ్చిన విశ్లేషణలు తొందరపాటు. షోనావ్‌లో ఏఎఫ్‌డీకి గట్టి బలం ఉన్నమాట నిజమే. కానీ నెకర్‌స్టాట్‌లో సీన్ వేరు. అక్కడ విద్యార్థులు, కొత్తగా వచ్చిన యువ ఉద్యోగులు గ్రీన్స్ వైపు మొగ్గుతున్నారు. జర్మన్ పౌరసత్వం లేక ఓటే లేని వలస కుటుంబాలూ అదే పేటలో పెద్ద సంఖ్యలో ఉన్నాయి.

ఆ మార్పు 2021 మార్చి 14న బయటపడింది. గ్రీన్స్ రాష్ట్రంలో 70కి 58 నియోజకవర్గాలు గెలిచింది, సీడీయూ 12. ఎస్‌పీడీకి గానీ ఏఎఫ్‌డీకి గానీ నేరుగా ఒక్కటీ రాలేదు. మాన్‌హైమ్-1లో గ్రీన్స్ అభ్యర్థి సుజాన్ ఆష్‌హోఫ్ గెలిచారు. ఒకే సీటు వరసగా ఎస్‌పీడీ, ఏఎఫ్‌డీ, గ్రీన్స్ చేతులు మారింది. తమాషా ఏమిటంటే, ఆ పాత లెక్కల పుణ్యమా అని ఓడిన ఫుల్స్ట్-బ్లై, క్లోస్ ఇద్దరూ కూడా సభలోకి వచ్చారు. ఒక్క నియోజకవర్గం నుంచి మూడు పార్టీల సభ్యులు!

2022లో సభ ఈ పద్ధతిని మార్చేసింది. 2026 మార్చి 8 ఎన్నికల నుంచి ఓటరుకు రెండు ఓట్లు, ఓటు హక్కు 16 ఏళ్లకే. పార్టీల రాష్ట్ర జాబితాలూ వచ్చాయి. నియోజకవర్గంలో ఓడినవారు సభలోకి రావాలంటే ఇక వాళ్ల పేటలో వచ్చిన ఓట్ల శాతం పనికిరాదు. పార్టీ సమావేశంలో జాబితా రాసేటప్పుడు తమ పేరు ఎన్నో వరుసలో ఉందన్నదే చూసుకోవాలి.